ఇరవై ఏళ్లు దాటిన క్వాలిస్: ముందుగా చూడవలసింది ఛాసిస్‌నే

టయోటా క్వాలిస్ తయారీ 2005లోనే ఆగిపోయింది కాబట్టి, ఇవాళ మన రోడ్ల మీద తిరుగుతున్న ప్రతి క్వాలిస్ వయసు ఇరవై ఏళ్ల పైమాటే. అయినా జిల్లా కేంద్రాల బస్టాండ్ల దగ్గర, పెళ్లివారి విడిది ఇళ్ల ముందు, మామిడి తోటల్లోకి వెళ్లే మట్టి దారుల్లో ఈ బండి ఇంకా కనిపిస్తూనే ఉంది. అమ్మకానికి వస్తే కొనేవారూ ఉన్నారు. నా దగ్గర ఉన్నది 2004 నాటి డీజిల్ క్వాలిస్. మొదటి యజమాని దాన్ని సొంత వాడకానికే ఉంచుకున్నారు, ఆయన నుంచి నేను కొన్నాను. ఇప్పుడు ఇటువంటి బండిని కొనాలని ఆలోచిస్తున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. క్వాలిస్ ఇంజిన్‌కు వచ్చిన పేరు న్యాయంగా వచ్చినదే. కానీ ఆ పేరు వల్లనే కొనేవారి చూపంతా బానెట్ కిందే ఆగిపోతోంది. ఈ వయసు బండి ఇంకెన్నాళ్లు నడుస్తుందో నిర్ణయించేది ఇంజిన్ కంటే ముందు దాని ఛాసిస్ (కింద బరువు మోసే ఇనుప చట్రం), బాడీ.

కిర్లోస్కర్ భాగస్వామ్యంతో మన దేశంలో అడుగుపెట్టిన టయోటా, బెంగళూరు దగ్గరి బిడదిలో కట్టిన కర్మాగారం నుంచి 2000లో విడుదల చేసిన మొదటి వాహనం ఇదే. దీనికి మూలం ఇండోనేషియాలో 1986లో వచ్చిన మూడో తరం కిజాంగ్ అనే టయోటా వాహనం. అక్కడ కొత్త తరం వచ్చేశాక పాత నమూనాను మనకు తెచ్చారని అప్పటి వాహన సమీక్షకులు గట్టిగానే విమర్శించారు. రూపం విషయంలో వారి మాట నిజం. పెట్టెలా నిటారుగా నిలబడిన ఆ ఆకారం 2000 నాటికే పాతబడింది. కానీ పదేళ్లకు పైగా గతుకుల రోడ్ల మీద, అధిక బరువు కింద పరీక్షకు నిలిచిన నమూనా కావడం వల్ల, కొత్త బండికి మొదటి రెండు మూడేళ్లలో బయటపడే లోపాలు దీనికి దాదాపు లేకుండా పోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్ హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టుల ఉద్యోగులను ఇళ్లకు చేర్చిన క్యాబుల్లో క్వాలిస్‌దే ప్రధాన స్థానం. పగలు ఒక డ్రైవరు, రాత్రి మరొక డ్రైవరు నడుపుతూ, బండి చల్లారే వ్యవధి కూడా ఇవ్వకుండా తిప్పిన ఆ రోజుల్లోనే దీని మన్నికకు పేరు స్థిరపడింది.

ఆ మన్నికకు కారణం ఏమిటని అడిగితే చాలామంది ‘జపాన్ ఇంజిన్’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. నాకు ఆ సమాధానం చాలదు. డీజిల్ క్వాలిస్‌లో ఉన్నది టయోటావారి 2ఎల్ రకం ఇంజిన్. నాలుగు సిలిండర్లు, 2,446 సీసీ, టర్బో లేదు, శక్తి 75 హార్స్ పవర్ మాత్రమే. ఇదే కుటుంబానికి చెందిన ఇంజిన్లను టయోటా హైలక్స్, హైఏస్ వంటి బరువు మోసే వాహనాల్లో ప్రపంచమంతటా వాడింది. లీటరుకు దాదాపు ముప్పై హార్స్ పవర్ చొప్పున మాత్రమే పని అడిగిన ఇంజిన్ ఇది. నేటి 1.5 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్లు వంద హార్స్ పవర్‌ను దాటుతున్నాయంటే, వాటి పిస్టన్ల మీదా బేరింగుల మీదా పడే ఒత్తిడికీ దీని మీద పడే ఒత్తిడికీ ఉన్న తేడా ఊహించుకోవచ్చు. పైగా ఇందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద చిమ్మబడదు. సిలిండర్ హెడ్‌లో ఉన్న చిన్న గదిలో మొదట మండి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వ్యాపిస్తుంది. ఆ పద్ధతి వల్ల కొంత ఇంధనం వృథా అయ్యే మాట నిజమే కానీ, మంట ఒక్కసారిగా విరుచుకుపడదు. ఇంజిన్ లోపలి భాగాలకు తగిలే దెబ్బ మెత్తగా ఉంటుంది.

ఇంధనం పంపే ఏర్పాటు కూడా పూర్తిగా యాంత్రికమైనదే. పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్లు, వాటి మధ్య ఇనుప గొట్టాలు, అంతే. ఎప్పుడు ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. ఇది పాడైతే ముందుగా లక్షణాలు చూపిస్తుంది. పొద్దున స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తీసుకోవడం, పొగ పెరగడం, ఐడిల్‌లో బండి వణకడం వంటివి నెలల ముందే కనిపిస్తాయి. నడుస్తున్న బండి ఉన్నట్టుండి హెచ్చరిక దీపం వెలిగించి రోడ్డు పక్కన ఆగిపోయే పరిస్థితి ఇందులో అరుదు. నాజిళ్లు సరిచేసే మనిషి, పంపు ఒత్తిడి చూసి సర్దే బల్ల ప్రతి పెద్ద పట్టణంలోనూ ఉన్నాయి. లంబసింగి, అరకు వైపు చలికాలం ఉదయాల్లో తాళం తిప్పిన వెంటనే సెల్ఫ్ కొట్టకుండా, డ్యాష్‌బోర్డు మీద చుట్టిన తీగ ఆకారంలో వెలిగే పసుపు దీపం (డీజిల్ మండే గది వేడెక్కుతోందని గుర్తు) ఆరేదాకా ఆగితే చాలు, మిగతా పని ఇంజిన్ చూసుకుంటుంది.

ఇన్నోవా ఉండగా క్వాలిస్ ఎందుకన్న వాదన ఈ బండ్లంటే ఇష్టమున్నవారు నలుగురు కలిసినప్పుడల్లా వస్తుంది. 2005లో క్వాలిస్ స్థానంలో వచ్చిన ఇన్నోవా అన్ని విధాలా మెరుగైన వాహనమే. దాని 2.5 లీటర్ల కామన్ రెయిల్ (ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో ఉంచిన డీజిల్‌ను కంప్యూటర్ అదుపులో చిమ్మే) డీజిల్ ఇంజిన్ 102 హార్స్ పవర్ ఇస్తుంది, శబ్దం తక్కువ, కూర్చున్నవారికి సుఖం ఎక్కువ. లక్షల కిలోమీటర్లు నడిచిన ఇన్నోవాలకు కూడా మన దగ్గర కొదవ లేదు. అందువల్ల మన్నికలో క్వాలిస్ గొప్పదని నేను వాదించను. తేడా అంతా మరమ్మతు దగ్గర వస్తుంది. కామన్ రెయిల్ ఏర్పాటులో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో వెళుతుంది కాబట్టి ఇంధనంలో కొద్దిపాటి నీరూ మలినమూ ఉన్నా ఇంజెక్టర్లు దెబ్బతింటాయి, వాటి ఖర్చు పాత బండి విలువతో పోలిస్తే భారంగా అనిపిస్తుంది. డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిల్ పోసుకోవలసి వచ్చే ఊళ్లలో ఉండేవారికి క్వాలిస్ పంపే నయం. రోజూ హైవే మీద దూరాలు వెళ్లేవారు మాత్రం ఇన్నోవానే చూసుకోవాలి.

ఇంజిన్ విషయంలో రాజీపడకూడనివి రెండున్నాయి. మొదటిది వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపించే టైమింగ్ బెల్టు. ఈ ఇంజిన్‌లో చైను ఉండదు, రబ్బరు బెల్టు ఉంటుంది, దాన్ని లక్ష కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. అది నడుస్తుండగా తెగితే వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి తగులుతాయి, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఒక్క క్షణంలో విప్పవలసిన ఇంజిన్‌గా మారుతుంది. రెండోది చల్లబరిచే ఏర్పాటు. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో గొట్టాలు సున్నంతో పూడుకుపోతాయి. మామూలు రోడ్డు మీద ఏ తేడా తెలియదు కానీ, ఎండాకాలంలో ఏసీ వేసుకుని నిండా మనుషులతో ఘాట్ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తుంది. అలా వేడెక్కిన ఇంజిన్‌ను ఆపకుండా నడిపితే సిలిండర్ హెడ్ పగలవచ్చు, గ్యాస్కెట్ పోవచ్చు. ఇంజిన్ పోయిందని మూలన పెట్టిన క్వాలిస్‌ల వెనుక కథ అడిగితే, నేను విన్నంతవరకు ఎక్కువసార్లు ఈ రెండింటిలో ఒకటే కారణం.

ఇక ఛాసిస్ సంగతి. క్వాలిస్‌లో కారు బాడీ వేరు, కింద బరువు మోసే నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం వేరు. ఇంజిన్, గేర్ బాక్స్, ముందు టోర్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనుక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) అన్నీ ఆ చట్రానికే బిగించి ఉంటాయి. బాడీ దాని మీద రబ్బరు బుష్‌ల ఆధారంతో కూర్చుంటుంది. గతుకుల తాకిడి ముందు చట్రానికే తగులుతుంది కాబట్టి బాడీ అతుకులు ఊడిపోవు, తలుపులు ఇరవై ఏళ్ల తర్వాత కూడా సరిగ్గా పడతాయి. అయితే ఇంజిన్‌ను మళ్లీ కట్టించుకోవచ్చు, గేర్ బాక్స్ మార్చుకోవచ్చు, కమాన్లకు కొత్త పట్టాలు వేయించుకోవచ్చు. తుప్పు తిన్న చట్రాన్ని మాత్రం నమ్మకంగా బాగుచేయడం కష్టం. దాని మీద రేకు ముక్క అతికించి వెల్డింగ్ చేసి నల్ల రంగు పూస్తే చూడటానికి బాగానే ఉంటుంది, కానీ బరువు మోసే శక్తి తిరిగి రాదు. ఇది తెలిసి కూడా, స్టార్ట్ చేయగానే ఇంజిన్ శబ్దం బాగుందని మురిసిపోయి బండి కిందకు ఒక్కసారి కూడా వంగి చూడకుండా బయానా ఇచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అందుకే పరీక్ష కింది నుంచి మొదలుపెట్టాలి. బండిని ర్యాంపు మీదకు గానీ గుంత మీదకు గానీ ఎక్కించి, వెనుక చక్రాల పైభాగంలో చట్రం వంపు తిరిగే చోటును, కమాను కట్టలు తగిలించిన కొక్కేల చుట్టూ ఉన్న ఇనుమును, బాడీ బుష్‌లు కూర్చున్న చోట్లను లైటు వేసి చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము బోలుగా డబ్‌డబ్‌మంటుంది. కొత్తగా నల్ల రంగు పూసిన చట్రాన్ని ఎక్కువ అనుమానించాలి. ఆ తర్వాత లోపలికి వెళ్లి, వెనుక సీట్ల కింద మ్యాట్ ఎత్తి నేల రేకు చూడాలి, ఎందుకంటే వెనుక తలుపు రబ్బరు గట్టిపడితే వాన నీరు అక్కడికే చేరుతుంది. పైకప్పు అంచున నీటి కాలువ, ముందు అద్దం చుట్టూ ఉండే రేకు, తలుపుల అడుగు భాగాలు కూడా తుప్పు మొదలయ్యే చోట్లే. ఈ విషయంలో బండి ఏ ఊళ్లో బతికిందన్నది ఎంతో ముఖ్యం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో ఆరుబయట ఉన్న బండి కంటే, అనంతపురం, కర్నూలు వైపు పొడి గాలిలో తిరిగిన బండి ఎక్కువ కిలోమీటర్లు నడిచినా మేలు. కిలోమీటర్ల మీటరు చూపే అంకెకు నేను ఏ విలువా ఇవ్వను. ఈ వయసులో దాన్ని నిర్ధారించుకునే దారి లేదు, తిప్పేసిన మీటర్లు బజారులో చాలానే ఉన్నాయి.

బండి నడక గురించి నిజం చెప్పాలంటే, దీన్ని నేటి కారుతో పోల్చుకుని ఎక్కేవారికి మొదటి రోజే నిరాశ కలుగుతుంది. డీజిల్ ఇంజిన్ శబ్దం లోపలికి బాగా వినిపిస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటాక గాలి చప్పుడు దానికి తోడవుతుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు వెనుక సీట్లో కూర్చున్నవారిని కమాన్లు ఎగరేస్తాయి. నలుగురు ఎక్కి సామాను కూడా పడ్డాక బండి కుదురుకుంటుంది, ఏడుగురు కూర్చున్నప్పుడు ఇంకా బాగుంటుంది. మన్ననూరు మీదుగా నల్లమలలోకి ప్రవేశించి, ఈగలపెంట దాటి డ్యాం దిగువ వంతెన దాకా మలుపులు దిగి, అవతలి గట్టున సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కే శ్రీశైలం దారి ఈ బండి స్వభావాన్ని పూర్తిగా చూపిస్తుంది. దిగేటప్పుడు రెండో గేరులో పెడితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులను కాల్చుకోవలసిన అవసరం రాదు. ఎక్కేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. వెనుక నుంచి వచ్చే కొత్త కార్లకు దారి ఇచ్చి, అదే గేరులో ఒకే వేగంతో పోతూ ఉంటే ఎంత బరువైనా పైకి తీసుకెళుతుంది. మైలేజీ నాకు హైవే మీద లీటరుకు సుమారు 12, ఊళ్లో 10 కిలోమీటర్లు వస్తోంది. 

భద్రత గురించి దాచకుండా చెప్పాలి. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. వెనుక ఎదురెదురుగా పక్కవాటు బల్లలు ఉన్న రకాల్లో అక్కడ కూర్చున్నవారికి ప్రమాద సమయంలో దాదాపు ఏ రక్షణా ఉండదు, కాబట్టి పిల్లలను అక్కడ కూర్చోబెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఎత్తుగా, సన్నగా ఉండే బండి కావడం వల్ల వేగంలో స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పితే అదుపు తప్పే ప్రమాదం కూడా ఉంది. చట్రం గట్టిది కాబట్టి ప్రమాదంలో మనుషులకు ఏమీ కాదన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. అది సరైన నమ్మకం కాదు. గట్టి చట్రం తాకిడిని తనలో ఇముడ్చుకోదు, ఆ దెబ్బను లోపల ఉన్న మనుషులకు చేరవేస్తుంది. నేను దీన్ని 80 దాటించను, అందరూ సీటు బెల్టు పెట్టుకున్నాకే బండి కదులుతుంది.

విడిభాగాల సంగతి ఊరట కలిగించేదే. విజయవాడ ఆటోనగర్‌లో క్వాలిస్ ఇంజిన్ విప్పి కట్టగల పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగులు, బేరింగులు, ఫిల్టర్లు, బెల్టు వంటి అరిగిపోయే వస్తువులన్నీ అక్కడ సులువుగా దొరుకుతున్నాయి. ఇబ్బంది అంతా కనిపించే భాగాలతోనే. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్, తలుపుల రబ్బర్లు, అసలైన హెడ్‌లైటు గ్లాసు, వెనుక ఏసీ గాలి మార్గాల మూతలు వంటివి కొత్తవి దొరకడం కష్టమవుతోంది. విడగొట్టిన బండ్ల నుంచి వచ్చినవాటినే వెతుక్కోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. డీజిల్ పంపును విప్పి సర్దుతానని ప్రతి మెకానిక్కూ అంటాడు. పికప్ పెంచుతామని డీజిల్ మోతాదు ఎక్కువ పెట్టి ఇచ్చే షెడ్లు కూడా ఉన్నాయి. అలా సర్దిన బండి నాలుగు రోజులు చురుగ్గా పరుగెత్తి, తర్వాత నల్ల పొగ కక్కుతూ వేడెక్కడం మొదలుపెడుతుంది. పంపు పనిని దాని బల్ల ఉన్న చోటే చేయించాలి.

కాగితాల విషయానికి వస్తే, సొంత వాడకపు వాహనానికి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి, ఆ సమయంలో బండిని రవాణా అధికారులకు చూపించాలి. ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. దీనికి హరిత పన్ను, బీమా, కాలుష్య ధ్రువపత్రం తోడవుతాయి. అమ్మేవారు ఆర్‌సీ గడువు ముగిసిన బండిని తక్కువ ధరకు చూపిస్తే, ఆ తక్కువ ఎందుకో ఆలోచించాలి. పునరుద్ధరణ పూర్తిచేసి ఇచ్చాకే డబ్బు చేతికిస్తానని చెప్పడం మంచిది. అలాగే ఆర్‌సీలో బండి మొదట టాక్సీగా నమోదై తర్వాత సొంత వాహనంగా మారిందేమో చూసుకోవాలి. టాక్సీగా తిరిగిన బండి చెడ్డదని కాదు, నడిపినవారు నూనె క్రమంగా మార్చి ఉంటే అది ఇంటి ముందు కదలకుండా పడి ఉన్న బండి కంటే ఆరోగ్యంగా ఉండవచ్చు. కానీ ఆ చరిత్ర ధరలో కనిపించాలి.

ఈ బండిని రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆఫీసుకు తిప్పడానికి కొనాలనుకునేవారిని నేను ప్రోత్సహించలేను. ఎంత బాగా సర్వీసు చేసినా ఇది పాత కాలపు కాలుష్య ప్రమాణాలకు తయారైన డీజిల్ ఇంజిన్. సిగ్నళ్ల దగ్గర ఇది వదిలే పొగ పక్కన ద్విచక్ర వాహనం మీద ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. నెలకు కొన్నిసార్లు ఊరికి వెళ్లడానికి, తోటకో పొలానికో పోవడానికి, ఇంటిల్లిపాదీ కలిసి గుడికి వెళ్లడానికి అయితే దీని అవసరం అర్థవంతంగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వంగకుండా, పడిపోయినట్టు కూర్చోకుండా ఎక్కి దిగగలిగే బండ్లు ఇప్పుడు తక్కువ. క్వాలిస్ మధ్య సీటు సరిగ్గా వారి నడుము ఎత్తుకు ఉంటుంది. చుట్టూ పెద్ద అద్దాలు ఉండటం వల్ల మూడో వరుసలో కూర్చున్నవారికి కూడా బయటి ప్రపంచం కనిపిస్తుంది, కడుపులో తిప్పడం తగ్గుతుంది. బానెట్ అంచు ఎక్కడ ముగుస్తుందో డ్రైవరుకు స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి ఇరుకు సందుల్లో తిప్పడం తేలిక. నాకు ఈ బండి మీద ఉన్న ఇష్టంలో సగం ఈ మూడింటి వల్లనే కలిగింది. మిగతా సగం, దీనిలో ఏది ఎందుకు చెడిందో నేను కంటితో చూసి అర్థం చేసుకోగలగడం వల్ల.

ధరల విషయంలో మాత్రం బజారు హద్దు దాటుతోంది. కొత్త రంగు, పెద్ద అల్లాయ్ చక్రాలు, తోలు సీట్లు వేయించి, కొత్త చిన్న కారు ధరలో సగం అడుగుతున్నవారున్నారు. ఆ అలంకారానికి నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను, పైగా పెద్ద చక్రాలు ముందు బేరింగుల మీద అనవసర భారం మోపుతాయి. అసలు రంగు వెలిసిపోయి, సీటు గుడ్డ చిరిగినా, చట్రం గట్టిగా ఉండి, రేడియేటర్‌లో శుభ్రమైన కూలెంట్ కనిపించే బండి దొరికితే దానికి మంచి ధర ఇవ్వడానికి వెనుకాడనవసరం లేదు. వీలైతే 2003 తర్వాతి బండ్లనే చూడండి. పెట్రోలు రకం కూడా అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంది, అది నిశ్శబ్దంగా నడుస్తుంది కానీ ఇంత బరువైన బండిలో పెట్రోలు ఖర్చు చాలా ఎక్కువవుతుంది. డీజిల్ బండికి బేరం కుదిరాక, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రశీదు అడగండి. అది చూపించలేకపోతే, బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మూడింటి ఖర్చునూ ధరలోంచి తగ్గించమని అడగండి, బండిని ఇంటికి తెచ్చుకోకముందే నేరుగా షెడ్డుకు తీసుకెళ్లి ఆ మూడింటినీ మార్పించండి.